ఇంట్లో బంగారం, వెండి శుద్ధిచేసేటప్పుడు ఆమ్లాల కంటే భార లోహాల ముప్పే ఎక్కువా?

ప్రశ్న: లోహాభిలాషి

అందరికీ నమస్కారం. పాడైన సర్క్యూట్ బోర్డులు, రిలేలు, స్విచ్‌ల కాంటాక్టులు సేకరించి, వాటిలోని బంగారాన్ని, వెండిని వేరుచేసి శుద్ధి చేయడం కొంతకాలంగా నా అభిరుచి. ఇది నాకు జీవనోపాధి కాదు. తీరిక దొరికినప్పుడు ఇంటి వెనుక షెడ్డులో చేసుకునే పని మాత్రమే. ఆమ్లాల విషయంలో మొదటి నుంచీ జాగ్రత్తగా ఉన్నాను. నత్రికామ్లంతోనూ, బంగారాన్ని కరిగించే ద్రవరాజంతోనూ (నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) చేసే పనంతా ఆరుబయటే చేస్తాను. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, ముఖానికి ఎన్‌95 మాస్కు తప్పనిసరిగా పెట్టుకుంటాను.

అయితే ఈ పనిలో ఆమ్లాల కంటే సీసం, కాడ్మియం, పాదరసం వంటి భార లోహాల వల్లనే మనిషికి ఎక్కువ హాని కలుగుతుందని ఈమధ్య ఒకచోట చదివాను. నేను వాటిని కావాలని వాడటం లేదు కనుక అవి నా దాకా ఎలా వస్తాయో సరిగా అర్థం కాలేదు. ఏ దశలో ఇవి శరీరంలోకి చేరుతాయి? ఎన్‌95 మాస్కు సరిపోతుందా? ముందుజాగ్రత్తగా ఏ పరీక్షలు చేయించుకోవాలి? మిగిలిన ద్రావణంలో ఇనుప ముక్కలు వేసి, కరిగి ఉన్న రాగిని లోహంగా అడుగుకు దించేస్తున్నాను. ఆ తరువాత మిగిలే నీటిని నిరపాయమైనదిగా భావించవచ్చా? తక్కువ మోతాదులో ఉన్న బంగారాన్ని సీసంతో కలిపి కరిగించి, ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో శుద్ధిచేసే పాత పద్ధతిని కూడా ప్రయత్నించాలని ఉంది. ఇంట్లో మూడేళ్ల పిల్లవాడు ఉన్నాడు కాబట్టి మొదలుపెట్టే ముందే అడుగుతున్నాను.

సమాధానం: మూసకొలిమి

లోహాభిలాషి గారూ, లోహాల నాణ్యతను పరీక్షించే ప్రయోగశాలలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. మీరు భార లోహాలను వాడటం లేదని అనుకుంటున్నారు గానీ, మీరు సేకరించే సామానులోనే అవి ఉన్నాయి. పాత బోర్డుల మీది టంకంలో సుమారు మూడోవంతు నుంచి నలభై శాతం వరకు సీసమే. యూరోపులో 2006 జూలై నుంచి ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసం, పాదరసం, కాడ్మియం వాడకాన్ని పరిమితం చేశారు. కానీ బంగారం ఎక్కువగా దొరికేది అంతకు ముందు తయారైన సామానులోనే కదా. మనం ఏరికోరి తెచ్చుకునే పాత సరుకే విషంలో కూడా గొప్పది.

అన్నిటికంటే ముందు కాడ్మియం గురించి చెబుతాను, ఎందుకంటే అది ఒక్క పూటలోనే ప్రాణం తీయగలదు. రిలేల్లోనూ, పెద్ద స్విచ్‌ల్లోనూ వాడిన వెండి కాంటాక్టులు చాలావరకు శుద్ధ వెండి కావు. వెండిలో 10 నుంచి 15 శాతం కాడ్మియం ఆక్సైడ్ కలిపి చేసినవి. పాత వెండి టంకాల్లో కూడా కాడ్మియం ఉండేది. వెండి కరిగేది దాదాపు 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. గ్రాఫైట్ మూసలోని (లోహాన్ని కరిగించే పాత్రలోని) కార్బన్ ఆ ఆక్సైడ్‌ను లోహంగా మార్చి ఇచ్చేస్తుంది కూడా. అంటే వెండి కరిగే వేళకు కాడ్మియం పొగ రూపంలో మీ ముఖం ముందే ఉంటుంది. ఆ పొగ గొంతును పెద్దగా మండించదు. పని ముగించుకుని, భోజనం చేసి పడుకున్నాక, కొన్ని గంటలకు జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీ బిగుతు మొదలవుతాయి. ఇత్తడి కరిగించినప్పుడు జింకు పొగ వల్ల వచ్చే జ్వరం కూడా మొదట్లో అచ్చంగా ఇలాగే ఉంటుంది, కానీ అది ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ పోలికను నమ్మి ఇదీ తగ్గిపోతుందిలే అని ఇంట్లోనే ఉండిపోయినవారి ఊపిరితిత్తుల్లో నీరు చేరి మరణించిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. అందువల్ల ఏమి కరిగిస్తున్నామో తెలియని కాంటాక్టులను నేరుగా మూసలో వేయడం అనే పనిని మీరు పూర్తిగా మానుకోవాలని నా సలహా.

ఇక సీసం. ఎముకల బూడిద గిన్నె పద్ధతిలో సీసం గాలితో కలిసి ఆక్సైడ్‌గా మారుతుంది, దానిలో ఎక్కువ భాగాన్ని గిన్నె పీల్చుకుంటుంది, మిగిలిన కొద్ది భాగం పొగగా లేస్తుంది. ఆ "కొద్ది" అనే మాటను లెక్కవేసి చూడండి. 20 గ్రాముల సీసంలో నూరో వంతు మాత్రమే పొగగా పోయిందనుకున్నా అది 200 మిల్లీగ్రాములు. అమెరికాలో కార్మికులు ఎనిమిది గంటల పనిలో పీల్చే గాలికి విధించిన పరిమితి ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు. అంటే ఆ ఒక్క సీసపు ముద్ద నుంచి వచ్చిన పొగ నాలుగు వేల ఘనపు మీటర్ల గాలిని ఆ పరిమితి దాకా చెడగొట్టగలదు. మీ షెడ్డులో అందులో వందో వంతు గాలి ఉంటుందో లేదో. మేము ఈ పని చేసేటప్పుడు కొలిమి మొత్తం గాలిని బయటికి లాగే హుడ్ కింద ఉండేది, ఆ లాగిన గాలి వడపోత గుండా పోయేది. అది లేని చోట, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంటి ఆవరణలో, ఈ పద్ధతిని ప్రయత్నించకండి. వాడేసిన గిన్నె కూడా ఒక సీసపు ముద్దే అని గుర్తుంచుకోండి. దాన్ని తోటలో విసిరేయకూడదు.

మాస్కు విషయం. ఎన్‌95 ధూళిని కొంతమేరకు ఆపుతుంది. లోహపు పొగ అతిసూక్ష్మమైన కణాలే కాబట్టి ముఖానికి గాలి చొరబడకుండా అతుక్కునే రబ్బరు రెస్పిరేటరుకు పీ100 వడపోతలు పెట్టుకోవడం దానికంటే చాలా మేలు. అయితే గడ్డం ఉన్నవారికి అది సరిగా అతుక్కోదు. పాదరసపు ఆవిరిని ఈ రెండూ ఆపలేవు, దానికి ప్రత్యేకమైన కార్ట్రిడ్జ్ కావాలి. నత్రికామ్లపు గోధుమరంగు వాయువును మామూలు ఆమ్లవాయు కార్ట్రిడ్జ్‌లు కూడా నమ్మదగినంతగా ఆపవు. కాబట్టి మాస్కును చివరి రక్షణగానే చూడాలి. పొగ పుట్టని పద్ధతిని ఎంచుకోవడం, పుట్టిన పొగను మనిషికి చేరకముందే లాగేయడం అంతకంటే ముఖ్యం.

మరో రెండు వస్తువుల గురించి హెచ్చరించాలి, ఎందుకంటే మీరు రిలేలు సేకరిస్తున్నానన్నారు. కొన్ని పాత రిలేల లోపల గాజు గొట్టంలో పాదరసం ఉంటుంది. దాన్ని పగలగొట్టకుండా విడిగా పెట్టండి. అలాగే రేడియో ప్రసార పరికరాల్లోని పాత శక్తివంతమైన ట్రాన్సిస్టర్లకు బంగారు పూత, కింద తెల్లని పింగాణీ పలక ఉంటాయి. ఆ పలక కొన్నిటిలో బెరీలియం ఆక్సైడ్. అది పలకగా ఉన్నంతకాలం హాని చేయదు. దంచినా, రాపిడి పెట్టినా లేచే ధూళి, దానికి పడని శరీరతత్వం ఉన్నవారిలో ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఎన్ని మిల్లీగ్రాముల బంగారం కోసం ఎంత ప్రమాదమో మీరే తూచుకోండి.

సమాధానం: నిదానం

పై వారి పరిజ్ఞానం మీద నాకు గౌరవం ఉంది, కానీ కొత్తవారిని ఇంతగా భయపెట్టడం అవసరమా అనిపిస్తోంది. నేను చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. బోర్డులను కాల్చాను, సీసం కరిగించాను, వడపోత కాగితాలను కొలిమిలో కాల్చి బూడిద చేశాను. ఆరుబయట, గాలి వీచే దిక్కుకు వీపు పెట్టి నిలబడి పని చేస్తాను, పని అయ్యాక ఒక గ్లాసు పాలు తాగుతాను. ఇప్పటివరకు నాకు ఏ జబ్బూ రాలేదు. మన పూర్వీకులు వేల సంవత్సరాలుగా సీసంతోనే వెండిని శుద్ధిచేశారు కదా.

సమాధానం: విషవైద్యం

నేను వైద్యుణ్ణి, వృత్తిరీత్యా విషప్రభావానికి లోనైన కార్మికులను చూస్తుంటాను. నిదానం గారి మాటలోని "ఏ జబ్బూ రాలేదు" అనే భాగం దగ్గరే అసలు చిక్కు ఉంది. సీసం విషయంలో ఏ లక్షణమూ కనిపించకపోవడం అంటే శరీరంలో సీసం లేదని కాదు. కడుపులో మెలిపెట్టే నొప్పి, తీవ్రమైన మలబద్ధకం, రక్తహీనత, మణికట్టు వాలిపోవడం వంటివి బాగా ముదిరాక వచ్చే లక్షణాలు. అంతకు చాలా ముందే రక్తపోటు పెరగడం, మూత్రపిండాలు మెల్లగా దెబ్బతినడం, చిరాకు, నిద్రలేమి, జ్ఞాపకశక్తి మందగించడం జరుగుతుంటాయి. వాటిని అందరూ వయసుకో పని ఒత్తిడికో ఆపాదిస్తారు. నిదానం గారు ఒకసారి సిర నుంచి రక్తం తీయించి సీసపు మోతాదు చూపించుకుంటే, ఈ చర్చకు మా అందరి మాటల కంటే ఎక్కువ విలువైన సమాచారం దొరుకుతుంది. పూర్వీకుల ప్రస్తావన తెచ్చారు కాబట్టి చెబుతున్నాను: సీసపు గనుల్లో, కొలిముల్లో పనిచేసేవారి కడుపునొప్పి, పక్షవాతం గురించి పూర్వకాలపు వైద్యులు కూడా రాసి ఉంచారు.

పాల సంగతి పూర్తిగా మూఢనమ్మకం కాదు. ఆహారంలో కాల్షియం, ఇనుము తగినంత ఉంటే పేగులు సీసాన్ని తక్కువగా పీల్చుకుంటాయి. అయితే ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి చేరిన సీసాన్ని పాలు ఏమీ చేయలేవు.

ఇప్పుడు ప్రశ్న అడిగినవారి ఇంట్లోని పిల్లవాడి గురించి చెప్పాలి, నాకు ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే ఆందోళన కలిగించింది అదే. నోట్లోకి వెళ్లిన సీసంలో పెద్దవారి పేగులు సుమారు పదోవంతు పీల్చుకుంటే, చిన్నపిల్లలవి దాదాపు సగం వరకు పీల్చుకోగలవు. ఆ వయసు పిల్లలు నేల మీద పాకుతారు, ఆడతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. షెడ్డులో పనిచేసి అవే చెప్పులతో ఇంట్లోకి రావడం, అదే చొక్కాతో పిల్లవాణ్ణి ఎత్తుకోవడం, ఆ బట్టలను ఇంటివారి బట్టలతో కలిపి ఉతకడం, ఈ మూడు దారుల్లోనే చాలా ఇళ్లలోకి సీసం వస్తుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021లో పిల్లల రక్తంలో సీసానికి పరిశీలన స్థాయిని డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 మైక్రోగ్రాములు దాటిన ఎవరికైనా సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. ఇవి సురక్షిత స్థాయిలు అని అర్థం చేసుకోకూడదు. పిల్లల మెదడుకు హాని చేయని సీసపు మోతాదు అంటూ ఇంతవరకు ఏదీ తేలలేదు. గర్భిణులు కూడా ఈ షెడ్డు దరిదాపులకు రాకూడదు. తల్లి ఎముకల్లో ఏనాడో చేరిన సీసం కూడా గర్భధారణ సమయంలో రక్తంలోకి కరిగివచ్చి బిడ్డకు చేరుతుంది.

పరీక్షల విషయంలో ఒక్కో లోహానికి ఒక్కో పద్ధతి ఉంది, అన్నిటికీ రక్తపరీక్ష ఒకటే చాలదు. సీసానికి రక్తం చూడాలి; రక్తంలో దాని అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) నెల రోజుల వరకే ఉంటుంది, ఎముకల్లో మాత్రం దశాబ్దాల పాటు నిలుస్తుంది. అందుకని పని ఆపేసిన చాలాకాలానికి చేయించిన రక్తపరీక్షలో అంకె తక్కువగా వచ్చినా పాత నిల్వ సంగతి తెలియదు. పాదరసపు ఆవిరి దీర్ఘకాలం పీల్చినవారికి మూత్రపరీక్ష మేలు, ఎందుకంటే చేపలు తినేవారి రక్తంలో వేరే రూపంలోని పాదరసం కనిపించి తికమక పెడుతుంది. కాడ్మియానికి రక్తం ఈమధ్య కాలపు సంగతిని, మూత్రం ఏళ్ల తరబడి పేరుకున్న సంగతిని చెబుతాయి. పొగతాగేవారికి రెండూ ఎక్కువగానే ఉంటాయి. కాడ్మియం మూత్రపిండాల్లో పది నుంచి ముప్పై ఏళ్ల దాకా తిష్ఠవేస్తుంది, దాన్ని బయటికి లాగే నమ్మదగిన మందు లేదు. కాబట్టి పని మొదలుపెట్టేముందే ఒకసారి పరీక్ష చేయించి అంకెలను దాచుకోండి. తరువాత పోల్చుకోవడానికి అవే ఆధారం.

శరీరంలోని లోహాలను పట్టి మూత్రంలోకి పంపే కీలేషన్ మాత్రలను వైద్యుని సలహా లేకుండా తెప్పించుకుని మింగే అలవాటు అభిరుచితో ఈ పని చేసే కొందరిలో ఉన్నట్లు విన్నాను. సీసం ఇంకా లోపలికి వస్తూ ఉండగా ఆ మందు వాడితే ప్రయోజనం కంటే నష్టమే ఎక్కువ. ముందుగా మందు ఇచ్చి, ఆ తరువాత మూత్రంలో లోహాలను కొలిచి "చూడండి, విషం ఎంత ఉందో" అని చూపించే పరీక్షలకు కూడా శాస్త్రీయమైన విలువ లేదు. మందు ఇస్తే ఆరోగ్యవంతుల మూత్రంలో కూడా లోహాలు పెరుగుతాయి.

కరిగించే పని చేసిన రోజున రాత్రి జ్వరం, ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, కాడ్మియం పొగ పీల్చి ఉండవచ్చునని మీ నోటితో మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే అక్కడివారు దాన్ని సాధారణ జ్వరంగానే చూసే అవకాశం ఉంది.

సమాధానం: అవక్షేపం

వడపోత కాగితాల గురించి నిదానం గారు యథాలాపంగా చెప్పినది చాలామంది చేసే పనే కాబట్టి ఒక మాట చేరుస్తున్నాను. ద్రవరాజంలో కరిగిన బంగారం నుంచి సీసాన్ని తీసివేయడానికి కొద్దిగా గంధకామ్లం చేర్చి, సీసపు సల్ఫేటును కాగితం మీద పట్టడం మన పద్ధతి. అదే కాగితాన్ని అందులో మిగిలిన బంగారపు పొడి కోసం కొలిమిలో కాలిస్తే, జాగ్రత్తగా పట్టిన సీసాన్ని తిరిగి గాలిలోకి పంపినట్లవుతుంది. బోర్డులను కాల్చడం ఇంకా అధ్వానం, అందులోని బ్రోమిన్ కలిసిన ప్లాస్టిక్కుల నుంచి డయాక్సిన్ల వంటి విషాలు కూడా పుడతాయి.

మిగిలిన ద్రావణం విషయం. ఇనుప ముక్కలు రాగిని దించుతాయి, సీసాన్ని కూడా చాలావరకు దించుతాయి. కానీ ఒక లోహం మరోదాన్ని ఎంత బాగా దించగలదో చెప్పే ప్రమాణ విద్యుత్ పొటెన్షియల్ కాడ్మియానికి -0.40 వోల్టులు, ఇనుముది -0.44. తేడా ఇంత తక్కువ కాబట్టి ఇనుము మీద ఆధారపడితే కాడ్మియం చాలావరకు నీటిలోనే ఉండిపోతుంది. జింకు, క్రోమియం అసలు దిగవు. నీలిరంగు పోయి నీరు లేతాకుపచ్చగానో పసుపుగానో మారింది కదా, పని అయిపోయిందని అనుకోవడం ఇక్కడ మామూలు పొరపాటు. కాడ్మియానికి, సీసానికి రంగే లేదు. ఇనుము తరువాత క్షారం చేర్చి హైడ్రాక్సైడ్లుగా దించాలి, అందులో కూడా ఒకే పీహెచ్ అన్నిటికీ కుదరదు. కాడ్మియం బాగా దిగాలంటే 10 దాటాలి. క్షారం మరీ ఎక్కువైతే క్రోమియం, జింకు, సీసం తిరిగి కరగడం మొదలుపెడతాయి. అందుచేత రెండు దశల్లో దించి వడకట్టిన బురదను ఎండబెట్టి, మూతబిగించిన డబ్బాలో పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలను స్వీకరించే అధికృత కేంద్రానికి అప్పగించాలి. వడకట్టిన నీటిని కూడా పరీక్ష చేయించకుండా కాలువలో పోయడం సరికాదు.

పని త్వరగా అవుతుందని ఇనుముకు బదులు జింకు పొడి వేసేవారికి ఒక హెచ్చరిక. ఆమ్లం, జింకు కలిసినచోట ఆర్సెనిక్ ఉంటే ఆర్సీన్ అనే వాయువు పుడుతుంది. ఖనిజాల్లోనూ, కొన్ని సీసపు మిశ్రమ లోహాల్లోనూ, గాలియం ఆర్సెనైడ్ చిప్‌ల్లోనూ ఆర్సెనిక్ ఉంటుంది. ఆ వాయువుకు రంగు లేదు. వెల్లుల్లి వాసన తెలిసేసరికే ప్రమాదకరమైన మోతాదు పీల్చి ఉండవచ్చు. అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, కొన్ని గంటల తరువాత మూత్రం ముదురు ఎరుపు రంగులో వస్తుంది.

అడిగినవారి స్పందన: లోహాభిలాషి

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. సీసపు గిన్నె పద్ధతి ఆలోచనను పూర్తిగా విరమించుకున్నాను. పిల్లవాడికి, నాకు రక్తపరీక్ష చేయిస్తాను. షెడ్డుకు వేరే చెప్పులు, వేరే బట్టలు కేటాయిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. నా దగ్గర చాలా కాంటాక్టులు ఉన్నాయి, వాటి మీద ఏ గుర్తూ లేదు. కాడ్మియం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఉంటే వాటిని పారేయవలసిందేనా?

సమాధానం: మూసకొలిమి

చూపుతో తెలియదు. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం ఉన్నచోట ఒక్కో రకం నుంచి ఒక ముక్కను, పూత ఉంటే గీకి, చూపిస్తే కాడ్మియం, సీసం, పాదరసం, ఆర్సెనిక్ అన్నీ బయటపడతాయి. ఆ యంత్రం బెరీలియాన్ని మాత్రం గుర్తించలేదు, అది మరీ తేలికైన మూలకం కావడమే కారణం. కాబట్టి పింగాణీ పలకల విషయంలో యంత్రం ఏమీ చూపలేదని ధైర్యపడకండి.

పరీక్ష వీలుకాకపోతే ప్రతి కాంటాక్టులోనూ కాడ్మియం ఉందనే భావించి నడుచుకోండి. పారేయనవసరం లేదు, నిప్పులోకి పంపేముందు ఆమ్లం దారిలో పంపితే చాలు. ఆరుబయట నత్రికామ్లంలో కరిగించి, శుభ్రమైన రాగి పలకను వేస్తే వెండి దిగుతుంది. కాడ్మియం, సీసం రెండూ రాగికి లొంగవు కాబట్టి ద్రావణంలోనే ఉండిపోతాయి. ఉప్పు వేసి వెండి క్లోరైడుగా దించేవారైతే మాత్రం మరుగుతున్న నీటితో చాలాసార్లు కడగాలి, ఎందుకంటే సీసపు క్లోరైడు చల్లటి నీటిలో సరిగా కరగదు, వెండితో పాటే అడుగున తెల్లగా కూర్చుంటుంది. ఆ తెల్లటి పొడిని నేరుగా కరిగిస్తే మళ్లీ సీసపు పొగే. కడిగిన వెండిని పూర్తిగా లోహంగా మార్చి, ఆరబెట్టి, ఆ తరువాతే మూసలో వేయండి. మిగిలిన ద్రావణాన్నీ, కడిగిన నీళ్లన్నిటినీ ఒకే పాత్రలో పోసి అవక్షేపం గారు చెప్పిన పద్ధతిలో శుద్ధిచేయండి, మీ కాంటాక్టుల్లోని కాడ్మియమంతా ఇప్పుడు ఆ నీటిలోనే ఉంటుంది.